విట్లీ గారు పోయిన వారం

విజయనగరం,
18-2-1968.

అక్కకు నమస్కారాలు.

క్షేమసమాచారాలు ముందు రాయని ఉత్తరం నువ్వు చదవవు కాబట్టి చెబుతున్నాను. నేను బాగున్నాను. భాగ్యవతి బాగుంది. మా పెంకుల్లో కాపురం పెట్టిన పిచ్చుకలు కూడా బాగున్నాయి. ఇక అసలు సంగతికి రానియ్యి.

నాకు కొత్త పని ఒకటి దొరికింది. కాలేజీలో ట్యూటరు పని ఎలాగూ ఉంది, అది కాదు. మద్రాసు పబ్లిషరు ఒకాయన ఇంగ్లీషు పుస్తకం పంపి తెలుగు చెయ్యమన్నాడు. మూడు వందల పన్నెండు పేజీలు. ఆమోస్ విట్లీ అని, అమెరికాలో ఇండియానా అనే రాష్ట్రంలో ఒకానొక నాయకుడి జీవితచరిత్ర. పెద్ద నాయకుడేమోనని ఆశపడకు. ప్రెసిడెంటు కాదు, గవర్నరు కాదు, ఆ రాష్ట్రపు శాసనసభలో ఒక మెంబరు. పదకొండు సార్లు నిలబడి నాలుగు సార్లు గెలిచాడు. ఇటువంటి మనిషి కథ తెలుగువాళ్లకెందుకని నేనడగలేదు. అడిగితే పుస్తకం వెనక్కి తీసుకుంటాడని భయం.

కానీ అక్కా, నలభై పేజీలు అయ్యేసరికి ఈ మనిషి నాకు నచ్చేశాడు. 1809లో చెక్కల ఇంట్లో పుట్టాడు. ఉప్పు, మేకులు అమ్మే కొట్టు పెట్టాడు. మొదటిసారి నిలబడ్డప్పుడు పదకొండు ఓట్లొచ్చాయి, అందులో వాళ్ల అన్న ఓటు కూడా లేదు. ఊరికీ బడికీ మధ్య ఒక వంకర వాగు ఉండేది. దానిమీద వంతెన కోసం పదకొండేళ్లు తిరిగాడు, కట్టించాడు. 1874లో పోయాడు. ఇంత చిన్న జీవితానికి ఇంత లావు పుస్తకం రాసినవాడెవడో గానీ వాడికీ నాలాగే పిచ్చి పట్టి ఉంటుంది.

కాంతం చదువు సంగతి రాయలేదేం? బావనూ, మీ అత్తగారినీ అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
కాశీవిశ్వనాథం


తుమ్మవలస, ఆమదాలవలస దగ్గర,
26-2-1968.

చిరంజీవి కాశీని దీవించి అక్క రాసేది.

మీ పిచ్చుకలు బాగున్నందుకు సంతోషం. ఇక్కడ మేము బాగున్నామని రాస్తే అబద్ధం, బాగోలేమని రాస్తే అపశకునం. కాబట్టి రెండూ రాయను.

కాంతం ఎనిమిదో తరగతి. హైస్కూలు గెడ్డకి అవతల ఆమదాలవలసలో ఉంది కదా. కిందటి భాద్రపదంలో గెడ్డ పొంగి ముప్పై ఎనిమిది రోజులు బడి మానేసింది. ఒకరోజు నీళ్లు మెడదాకా వచ్చి, బట్టలుతుకుతున్న కూర్మమ్మ జుట్టు పట్టుకుని లాగకపోతే పిల్ల నాకు దక్కేది కాదు. ఆ సంగతి నీకప్పుడు రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. అప్పటినుంచి మా అత్తగారిది ఒకటే మాట. "ఈ యేడుతో సరి. వంతెనుంటే పంపు, నేకపోతే కూకోబెట్టు." ఆవిడ మాట గట్టిదే గానీ, పిల్ల మీద ప్రేమ లేక అన్నది కాదు. జూన్‌లో బళ్లు తెరిచేలోగా వంతెన సంగతి తేలకపోతే నా కూతురి చదువు అయిపోయినట్టే.

ఇక వినోదం. మా పంచాయతీ ప్రెసిడెంటు సంక్రాంతి ముందు పోయాడు. మిగిలిన మెంబర్లలో అటు నలుగురు, ఇటు నలుగురు. ఆయన వార్డు మాదే. ఇప్పుడు మా వార్డులో గెలిచినవాడే ప్రెసిడెంటు. మీ బావ నిలబడతానంటున్నారు, వంతెన కట్టిస్తానని. అవతల గణపతిరావు నిలబడుతున్నాడు, ఆయనా వంతెన కట్టిస్తాననే. పాతికేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకు లేవో ఇద్దరూ మర్చిపోయారు.

నీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. ఉప్పు కొట్టు అనేసరికి మీ బావ ముద్ద పట్టుకుని అలా ఉండిపోయారు. "మనలాంటి వ్యాపారస్తుడే. కాశీకి రాయి. ఉప్పు కొట్టోడికి ఓట్లెలాగొచ్చినాయో ఆయన్నడిగి సెప్పమను" అన్నారు. తప్పు నాదే. విట్లీ గారు 1874లో పోయాడన్న చోటికి వచ్చేసరికి పొయ్యిమీద పప్పు మాడిన వాసన వచ్చి లేచిపోయాను. ఆ ముక్క ఎవరూ వినలేదు. సాయంత్రం చెబుదామనుకుంటే మా బెల్లం కొట్టులో అప్పటికే పదిమందికి చెప్పేశారు, కాశీకి అమెరికా ఎమ్మెల్యే బాగా తెలుసని. నెమ్మదిగా చెబుతాలే.

విట్లీ గారి భార్య పేరేమిటి?

ఆశీస్సులతో
మీ అక్క


విజయనగరం,
6-3-1968.

అక్కా,

మేం క్షేమం. నువ్వు మెడదాకా అని రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. భాగ్యవతి ఉత్తరం లాక్కుని చదివి అరగంట నాతో మాట్లాడలేదు, ఆ సంగతి తెలియకపోవడం నా తప్పయినట్టు. కాంతాన్ని ఇక్కడికి పంపించమని రాయబోయాను. ఉన్న ఒక్క గదిలో నేను, భాగ్యవతి, విట్లీ గారు ఇరుక్కుని ఉన్నాం. అయినా వంతెన కుదరకపోతే పంపించు, ఏదో ఒకటి చేద్దాం.

మా విట్లీ గారు ఈ వారం ఓడిపోయాడు. వరసగా ఇది మూడోసారి. పందుల వల్ల. అక్కడ పందుల్ని ఊరిమీద వదిలేసేవాళ్లట, అవి ఎవరి చేలో పడితే వాళ్ల చేలో పడి మేసేవట. మనకున్నట్టు బందెలదొడ్డి పెట్టాలని ఈయన చట్టం తెచ్చాడు. పందులున్నవాళ్లందరూ కలిసి ఓడించారు. పందులు లేనివాళ్లు ఓటుకి రాలేదు. బుధవారమంతా నాకు అన్నం సయించలేదు.

బావ అడిగిన కిటుకులు రెండు కనబడ్డాయి. ఒకటి, ఈయన ఎక్కడ మాట్లాడినా ముందు పదినిమిషాలు ఎదుటి అభ్యర్థిని పొగిడేవాడు. రెండు, ఆ కాలంలో అక్కడ పోటీ చేసేవాళ్లిద్దరూ ఒకే బండి కట్టించుకుని ఊరూరూ తిరిగేవాళ్లట. ఒకే చెట్టు కింద ఒకడి తరవాత ఒకడు మాట్లాడి, ఒకే ఇంట్లో తిని, మళ్లీ అదే బండి ఎక్కేవాళ్లు. తిట్టుకోవడానికి కూడా సిగ్గేసేదట.

భార్య పేరు ఎక్కడా లేదు. నలభై ఒకటో పేజీలో "అప్పుడు ఆయనకు వివాహమైనది" అని ఉంది, అంతే. ఆయన గుర్రం పేరు మాత్రం ఆరుచోట్ల ఉంది. పుస్తకంలో చెప్పిన ఆ ఊరి లైబ్రరీకి ఒక ఉత్తరం రాసి పడేశాను, ఎవరైనా ఉన్నారో లేదో.

ఇట్లు
కాశీ


తుమ్మవలస,
19-3-1968.

కాశీకి దీవెనలు.

ముందు ఒక సంగతి. ఈ ఉత్తరంతోపాటు కొట్టు మనిషి ఎల్లాజీ చేత బెల్లం దిమ్మ పంపుతున్నారు మీ బావ. నీకు కాదు. విట్లీ గారికి. మూడోసారి ఓడిపోయాడని నువ్వు రాస్తే ఆయన మనసు కష్టపెట్టుకున్నారు. "పాపం, ఎంత బాధ పడతన్నాడో, మన బెల్లం తింటే కుదుటపడతాడు" అన్నారు. ఓడను పట్టుకుని పంపే ఉపాయం నీకు తెలుసునని ఆయన నమ్మకం. భాగ్యవతిని పరమాన్నం వండమను.

నేను నిజం చెప్పలేదంటే, చెప్పలేకపోయాను. అబద్ధం ఆడలేదు, ఊరుకున్నాను. బడిలో పిల్లలకి పంచే పాలపొడి అమెరికాదే కాబట్టి అదీ విట్లీ గారే పంపిస్తున్నారని ఊళ్లో కొందరి అభిప్రాయం. మా అత్తగారు రోజూ ఒక ప్రశ్న వేస్తున్నారు. నిన్న "ఆ దొర తలంటుకుంతాడా?" అన్నారు. తెలియదన్నాను.

మీ బావ నీ కిటుకు పట్టుకున్నారు. ఆదివారం రామకోవెల దగ్గర మొదటి మీటింగు. గణపతిరావు పంట సంగతి, అతని ధర్మం, అతని తండ్రి తవ్వించిన నుయ్యి, అన్నీ వరసగా పొగిడారు. పదినిమిషాలన్నావు నువ్వు, మీ బావ అరగంట పొగిడారు. మాట మీద మాట అందుకుని ఆయనకే ముచ్చటేసింది. చివరికి జనం లేచి "అయితే గణపతిరావుకే ఏద్దామర్రా" అనుకుంటూ వెళ్లిపోయారు. మీ బావ ఇంటికొచ్చి నవ్వుతూనే ఉన్నారు. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

మర్నాడు గణపతిరావు కొట్టుకొచ్చాడు. పాతికేళ్ల తరవాత. గుమ్మంలో నిలబడి, "నువ్వు అలాగ సెప్పీసినాక నాను నిన్ను తిట్టేదెలాగ?" అన్నాడట. మీ బావ బండి సంగతి చెప్పారు. ఇప్పుడు ఇద్దరూ గణపతిరావు రెండెడ్ల బండిలో వీధివీధీ తిరుగుతున్నారు. ఉన్నది ఒక్క వార్డు, నడిస్తే పావుగంట. బండిలో రెండు గంటలు పడుతోంది.

నామినేషన్లు పడ్డాయి. మీ బావ కాగితంలో తప్పేదైనా వస్తే ఇబ్బందని ప్లీడరు గుమస్తా సలహా చెప్పాడు. నా పేరుమీద కూడా ఒకటి వేయించారు. డమ్మీ అంటారట. ఆఖరిరోజున వెనక్కి తీసుకోవాలి. సంతకం పెట్టమంటే పెట్టాను. వేలిముద్ర వెయ్యమని స్టాంపు ప్యాడు ముందుకు తోసిన గుమస్తా, నేను కలం అందుకునేసరికి కొంచెం చిన్నబోయాడు.

అక్క


విజయనగరం,
25-3-1968.

అక్కా,

బెల్లం చేరింది. విట్లీ గారి బదులు నేనూ భాగ్యవతీ తిన్నాం, ఆయన చాలా కుదుటపడ్డారు. కానీ దయచేసి నిజం చెప్పెయ్యి. బావ నాకు విడిగా కార్డు రాశారు. వంతెన ప్రారంభానికి ఆయన్ని పిలవాలట, రైలు ఆమదాలవలసలో ఆగుతుందని కూడా రాశారు. నేనేం జవాబివ్వను? తొంభై నాలుగేళ్ల కిందట పోయిన మనిషికి రైలు టైములు చెప్పనా?

నూట డెబ్భైయో పేజీలో వంతెన బిల్లు రెండోసారి వీగిపోయింది. నేను ఎవరితోనూ మాట్లాడటం లేదు.

కాశీ


తుమ్మవలస,
9-4-1968.

కాశీకి,

అందరం బాగున్నాం, ఎండలు తప్ప.

చెప్పబోయాను. నిజంగా చెప్పబోయాను. మీ బావ పక్కనే గణపతిరావు మా మండువాలో కూచుని మజ్జిగ తాగుతున్నాడు. "ఆ దొర గట్టోడు బావా. రెండుసార్లు కాదన్నా ఒగ్గనేదు. మనం ఒక్కసారికే అలిసిపోతన్నాం" అంటున్నాడు. ఇద్దరి మొహాలూ చూశాక ఇంకో గ్లాసు మజ్జిగ పోసి లోపలికి వచ్చేశాను. ఎవరో బతికున్న మనిషి తమకన్నా ఎక్కువ ఓడిపోయి ఇంకా తిరుగుతున్నాడంటే వాళ్లకి ఎంత ధైర్యంగా ఉందో.

బండి ఇప్పుడు గెడ్డదాకా పోతోంది. ఇద్దరూ దిగి, ఒడ్డున నిలబడి, వంతెనెక్కడ వెయ్యాలో చేతులు చూపించుకుంటారు. ఒకరు చూపించింది ఒకరికి నచ్చదు. అయినా కొట్టుకోరు. సాయంత్రం చతుర్ముఖ పారాయణం, అంటే పేకాట. ఓట్లడగడం ఎప్పుడో మర్చిపోయారు.

మీ బావ వారం రోజులుగా ఏదో ఆలోచనలో ఉన్నారు. అడిగితే "ఏటీ నేదు" అంటున్నారు. ఏటీ లేనివాడు బెల్లం అచ్చుల లెక్క మూడుసార్లు తప్పడు. ఎన్నికంటే నాకు భయం లేదు గానీ, మధ్యలో ఇద్దరికీ మళ్లీ తగువొస్తే వంతెన మాట ఎవరూ ఎత్తరు. కాంతం పరీక్షలు రాసింది. ఫలితం కంటే ముందు పైతరగతి పుస్తకాలు ఎవరివో అరువు తెచ్చి చదువుతోంది.

మా పెద్దత్త మనవరాలి బారసాలకి పంతొమ్మిదిన టెక్కలి వెళతాను. సోమవారం వచ్చేస్తాను.

అక్క


విజయనగరం,
18-4-1968.

విట్లీ గారు పోయారు. ఈ ఉదయం, తొమ్మిదింటికి. కుర్చీలో కూచుని వంతెన మరమ్మతుకు అర్జీ రాస్తూ, సగం మాట మీద తల వాల్చేశారు. ఇంతకాలం కలిసి ఉన్న మనిషి. కలం పక్కన పెట్టేశాను. భాగ్యవతి కూడా కళ్లు తుడుచుకుంది.

అక్కా, ఇకనుంచి జాగ్రత్తగా చదువు, చాలా అవసరం. బావ నాకు రహస్యంగా రాశారు, నీతో చెప్పొద్దని. గణపతిరావు తనకన్నా మంచివాడనీ, అందుకని ఇరవై నాలుగో తారీకున తన నామినేషను వెనక్కి తీసుకుంటాననీ. సరే, ఆయన పెద్దమనసు. కానీ నిన్న గంటస్తంభం దగ్గర నాకు గణపతిరావు కనబడ్డాడు, నాగలికి ఏదో సామాను కొనడానికి వచ్చాడట. నన్ను పక్కకి తీసుకెళ్లి అతనూ అదే మాట చెప్పాడు. "మీ బావ లాంటోడి మీద నాను పోటీ సేస్తే నాకు అన్నం దొరకదు. ఇరవై నాలుగున తీసీసుకుంతాను. సెప్పకు, ఆశ్చర్యపోవాల."

ఇద్దరూ తీసుకుంటే మీకు మెంబరూ ఉండడు, వంతెనా ఉండదు. మధ్యాహ్నం మూడు గంటలు గడువు. నువ్వే ఇద్దరిలో ఎవరో ఒకర్ని ఆపు. ఈ ఉత్తరం అందగానే.

కాశీ


తుమ్మవలస,
26-4-1968.

చిరంజీవి కాశీకి,

నీకు బుద్ధుందా?

క్షేమం అన్న ముక్క లేకుండా, అక్కా అన్న పిలుపు కూడా లేకుండా, మొదటి మాటే "పోయారు" అని రాస్తే ఏమవుతుందో నీకు తెలియదా? నేను టెక్కలిలో ఉన్నాను. శనివారం పోస్టుమాన్ అప్పలస్వామి వచ్చాడు. ఇంట్లో మా అత్తగారు ఒక్కరే. "సదివీరా అబ్బీ" అన్నారట. వాడు చింపి, మొదటి వరస చూసి, "మామ్మా, కబురు బాగోనేదు. విట్లీ బాబు పోనారంట" అన్నాడట. చావు కబురు ఉత్తరం గడప దాటి లోపలికి రాకూడదు కదా. "ఇలాగియ్యి, ఇంక సదవకు" అని ఆవిడ లాక్కుని అరుగు మీదే నాలుగు ముక్కలు చేసి వీధిలో పారేశారు. నువ్వు "చాలా అవసరం" అని రాసిన ముక్కని మేక తినేసింది. ఆ ముక్కలో ఏముందో నాకు, జవాబు లేదని నువ్వు రాసిన రెండో ఉత్తరం నిన్న అందాకే తెలిసింది.

నేను సోమవారం వచ్చేసరికి ఇంటిల్లిపాదీ మైల స్నానాలు చేసేసి ఉన్నారు. అత్తగారు, మీ బావ, ఎల్లాజీ, చివరికి అప్పలస్వామి కూడా, కబురు తెచ్చిన పాపానికి. మీ బావ నన్ను చూసి "ఆయన పోనాడే" అని, అరుగు మీద కూలబడ్డారు. ఇప్పుడు చెబుదామని నోరు తెరిచాను. అంతలో గణపతిరావు తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని నిలబడ్డారు. నోరు మూసుకుని నేనూ వెళ్లి నీళ్లు పోసుకున్నాను.

మంగళవారం సాయంత్రం సంతాపసభ. ఫొటో లేదు కాబట్టి కుర్చీకి దండ వేశారు. మీ బావ లేచి అలవాటు కొద్దీ ముందు పదినిమిషాలు గణపతిరావుని పొగిడి, తరవాత విట్లీ గారి దగ్గరికి వచ్చారు. పందుల సంగతి చెప్పారు, పదకొండేళ్లు చెప్పారు. గణపతిరావు "ఒక్కపాలైనా సూడనేదు ఆయన్ని" అని భోరుమన్నాడు. ఊరంతా ఏడ్చింది. నాకు నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను. కొంతసేపటికి ఏమయిందో, నేనూ ఏడ్చాను. ఎవరి కోసమో నాకు తెలియలేదు.

బుధవారం ఇరవై నాలుగు. డమ్మీ కాగితం వెనక్కి తీసుకోవడానికి నేను స్వయంగా సంతకం పెట్టాలట. రెండున్నరకి పంచాయతీ ఆఫీసుకి వెళ్లాను. లోపల మీ బావ, గణపతిరావు ఎదురెదురు బల్లల మీద కూచుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మీ బావ పదకొండింటికే వచ్చి తీసేసుకున్నారు. గణపతిరావు ఒంటిగంటకి వచ్చి తీసేసుకున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు శుభవార్త చెప్పుకోవడానికి మళ్లీ వచ్చారు.

"మరేటి సేద్దాం" అని గణపతిరావు ఎలక్షనాఫీసరుని అడిగాడు. ఒకసారి తీసుకుంటే తీసుకున్నట్టేనన్నాడాయన. తరవాత కళ్లద్దాలు సర్దుకుని నా వైపు తిరిగాడు.

"అమ్మా, మీరూ తీసుకోవడానికే వచ్చారా? ఇంకా ఇరవై నిమిషాలుంది."

"తీసుకుంటే ఏమవుతుంది?" అన్నాను.

"ఎవరూ మిగలరు. మళ్లీ నోటిఫికేషను రావాలి. వానాకాలం దాటాకే."

"ఉంచితే?"

"మీరే మెంబరు."

కాశీ, మీ బావ "తీసీసుకో నీలవేణీ, మనకెందుకు" అన్నారు. ఆయనది కోపం కాదు, కంగారు. వానాకాలం దాటాక అన్న మాట ఒక్కటే నా చెవిలో ఉంది. నాకు అప్పుడు విట్లీ గారూ గుర్తు రాలేదు, నువ్వూ గుర్తు రాలేదు. కూర్మమ్మ చేతిలో నా పిల్ల జుట్టు గుర్తొచ్చింది.

"ఉంచుతున్నాను" అన్నాను. బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. భయం వేసింది. అబద్ధమెందుకు, అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది.

ఇంటికొచ్చి మీ బావకి నిజం చెప్పేశాను, ఒక రోజుకి ఒక గొడవే చాలని. ఆయన "తొంభై నాలుగేళ్లయినాదా? మరి నాను సల్నీళ్లు పోసుకున్నదెందుకేటి?" అన్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నామినేషను గురించా, చన్నీళ్ల గురించా తెలియదు. మా అత్తగారు మాత్రం, "ఎప్పుడు పోతే ఏటి, మంచోడే కదా" అని, నా వైపు చూసి, "ఆ దొర పదకొండేళ్లు తిరిగినాడు. నువ్వలాగ తిరిగితే గుంట ముసిల్దయిపోతాది. బేగి కట్టు" అన్నారు.

నీ అక్క


విజయనగరం,
20-5-1968.

అక్కా,

ప్రెసిడెంటు గారూ అని రాయబోయి ఆగాను. అటు నలుగురూ ఇటువాడికి ఒప్పుకోక, ఇటు నలుగురూ అటువాడికి ఒప్పుకోక నిన్ను కుర్చీలో కూచోబెట్టారని ఎల్లాజీ చెప్పాడు. మేమిద్దరం వీధిలో అందరికీ పటికబెల్లం పంచాం. ఎవరికి ఎందుకని అడిగితే భాగ్యవతి "మా వదిన గెలిచింది" అంటోంది. ఎవరి మీద అని అడిగితే "మా అన్నయ్య మీద" అంటోంది.

నా తెలివితక్కువకి క్షమించు. ఇకముందు ఎవరు పోయినా మొదట క్షేమం అనే రాస్తాను.

నిన్న అమెరికా నుంచి జవాబు వచ్చింది. ఆ లైబ్రరీలో ఎనభై ఏళ్ల ఆవిడ ఒకరు ఉన్నారట, పాత పెళ్లిళ్ల పుస్తకం తిరగేసి రాశారు. విట్లీ గారి భార్య పేరు మెహిటబెల్. ఆయన అర్జీలన్నీ ఆవిడ చేతిరాతేనట, ఆయనకు రాయడం సరిగ్గా రాదు. పుస్తకం రాసినవాడికి ఈ సంగతి తెలియదు, లేదా తెలిసీ రాయలేదు. తెలుగులో మాత్రం నలభై ఒకటో పేజీలో ఆ పేరు ఉంటుంది. పబ్లిషరు ఒప్పుకోకపోతే పుస్తకమే ఇవ్వను.

కాశీ


తుమ్మవలస,
23-7-1968.

చిరంజీవి కాశీని, భాగ్యవతిని దీవించి రాసేది.

ఉత్తరం ఆలస్యమైంది. తీరిక లేదు అని రాయడం నా జీవితంలో ఇదే మొదటిసారి, రాస్తుంటే బాగుంది.

మెహిటబెల్ అన్న పేరు మా అత్తగారికి తిరగలేదు, "మేటబిల్లు" అంటున్నారు. పోనీలే, పిలవడానికి ఒక పేరంటూ ఉంది.

వంతెన దగ్గర పెద్ద తగువయింది. మీ బావ బెల్లం బళ్ల దారిలో వెయ్యాలన్నారు. గణపతిరావు తన మామిడితోట పక్కన వెయ్యాలన్నాడు. మీటింగులో అటు నాలుగు చేతులు లేచాయి, ఇటు నాలుగు చేతులు లేచాయి, అందరూ నా చెయ్యి చూశారు. నేను రెండింటికీ ఎత్తలేదు. పిల్లలు దాటేది చాకిరేవు దగ్గర, అక్కడే వెయ్యాలన్నాను. మీ బావ తెల్లబోయారు. "ఇంట్లో ఒక మాట సెప్పొచ్చు కదా" అన్నారు. "ఇంట్లో మీరూ ఏదీ చెప్పలేదు కదా" అన్నాను. ఇద్దరూ నా మీద అలిగి, మళ్లీ ఒకే బండెక్కి, వారం రోజులు నన్ను తిట్టుకుంటూ తిరిగారు. ఎనిమిదో రోజున అదే బండి మీద తాటి దూలాలు వేసుకుని రేవు దగ్గరికి వచ్చారు. సిమెంటు వంతెన పంచాయతీ సమితివాళ్లు ఎప్పుడిస్తారో ఇవ్వనీ, అర్జీ నేనే రాశాను. ఈ యేటికి తాటి దూలాలు చాలు. అటూ ఇటూ వెదురు కట్టి, చేత్తో ఊపి చూశాను. కదల్లేదు.

కాంతం తొమ్మిదికి వెళ్లింది. నిన్న సోమవారం పైన కొండల్లో వాన పడి, ఇక్కడ ఎండగా ఉండగానే గెడ్డ ఎర్రగా వచ్చేసింది. కిందటేడు వచ్చినంతా వచ్చింది. నేను వెంట వెళ్లాను. చెయ్యి పట్టుకోబోతే "నానెల్తాను" అంది. ఈ ఒడ్డునే నిలబడ్డాను. అది వెనక్కి చూడకుండా దాటిపోయింది. అవతలి ఒడ్డు ఎక్కి, మలుపు తిరిగి, కనబడకుండా పోయేదాకా నేను ఊపిరి పీల్చానో లేదో నాకు తెలియదు.

సాయంత్రం ఇంటికి రాగానే దాని పావడా అంచు చేత్తో పట్టుకుని చూశాను. పొడిగా ఉంది. వదలబుద్ధి కాలేదు.

"ఏటమ్మా?" అంది.

"ఏం లేదు. కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను" అన్నాను.

నీ అక్క
నీలవేణి